దేవమాలి కింద మా అద్దె వంటిల్లు

పూజ సెలవులు ఇచ్చారంటే ఒడిశాలో మా రాయగడ తెలుగిళ్ళల్లో సగానికి సగం తాళాలు పడిపోయేవి. అందరిదీ ఒకటే దిక్కు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. నాగావళి ఎటు పారుతుందో మేమూ అటే, దిగువకి. అక్కడ అమ్మమ్మలు, మేనమామలు, కొత్త బట్టలు. ఎగువకి, అంటే కొరాపుట్ వైపుకి, సెలవులు గడపడానికి వెళ్ళినవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. అటు వెళ్ళాలంటే ట్రాన్స్‌ఫర్ అయినా అవ్వాలి, సంత వ్యాపారమైనా ఉండాలి. "కొండమీద ఏటుందిరా, మలేరియా తప్ప" అనేది మా మామ్మ.

2000 ప్రాంతంలో ఒక దసరాకి మేం ఎగువకే వెళ్ళాం. కారణం పెద్దదేం కాదు. మా మేనమామ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు, నలుగురు దిగితే పడుకోడానికి చోటు లేదు. నాన్న ఒడియా హైస్కూల్లో సైన్స్ మాస్టారు. ఆయనతో పనిచేసే ఒడియా మాస్టారి సొంతూరు దేవమాలి కొండ కింద ఒక పల్లె. ఆయన అన్నగారు సునాబెడాలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని దొరికి అక్కడే క్వార్టర్సులో స్థిరపడ్డారు. ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉంది. "మనిషి మసలకపోతే ఇల్లు చెదలు పట్టిపోతుంది సార్. మీరు వెళ్ళి ఓ వారం పొయ్యి వెలిగిస్తే మాకే మేలు" అన్నారట. ఊరికే ఉండటానికి నాన్న ఒప్పుకోలేదు, అద్దె తీసుకోడానికి ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరి మర్యాదలు తేలేసరికి మా సగం సెలవులు అయిపోతాయేమో అని మాకు టెన్షన్. చివరికి ఏదో ఇచ్చారు, ఎంతో మాకు చెప్పలేదు.

ఈ విషయం ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ వంటెవరు చేస్తారు?"

నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఊరు మారుతుంది గానీ నాకు పొయ్యి మారదన్నమాట" అంది అమ్మ. ఆ మాటకి మేం నవ్వేశాం. ఇప్పుడు తలుచుకుంటే అందులో నవ్వడానికి ఏమీ లేదనిపిస్తుంది. హోమ్‌స్టేలనీ, మనమే వండుకునే కాటేజీలనీ చెల్లి ఫోన్లో ఫొటోలు పంపినప్పుడల్లా నేను మొదట వంటింటి ఫొటో కోసం వెతుకుతాను.

సామాను సర్దడం అమ్మే చూసుకుంది. కందిపప్పు, చింతపండు, ఇంగువ డబ్బా, పోపుల పెట్టె, ప్రెషర్ కుక్కర్, బత్తీల స్టవ్, పాలపొడి, మామ్మ మాట మీద గౌరవంతో దోమతెరలు, క్లోరోక్విన్ బిళ్ళలు. ఆవకాయ జాడీని నాన్న లుంగీలో చుట్టి అన్నయ్య ఒళ్ళో పెట్టింది. స్టవ్ అయితే పెట్టాం గానీ కిరసనాయిలు రైల్లో తీసుకెళ్ళకూడదు కాబట్టి అది అక్కడే కొనాలి.

రాయగడ నుంచి కొరాపుట్ రైలు లైను తొంభైల్లో పడింది. అంతకుముందు లక్ష్మీపూర్ ఘాటీ మీదుగా బస్సే, ఆ మలుపుల్లో వాంతి చేసుకోని పిల్లాడు ఉండేవాడు కాదు. రైలొచ్చాక ఆ బాధ పోయి సొరంగాల సరదా వచ్చింది. సొరంగంలో దూరగానే పెట్టె మొత్తం పిల్లలందరూ కలిసి అరవడం, బయటికి రాగానే ఎవరూ అరవనట్టు కూర్చోడం. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ. ఒక్కో స్టేషన్‌కీ గాలి చల్లబడుతూ వచ్చింది. దమన్‌జోడి దగ్గర నాన్న పాఠం మొదలుపెట్టారు. పంచపట్‌మాలి కొండ మీద తవ్విన బాక్సైట్ కొండ దిగి బెల్టు మీదే ఫ్యాక్టరీకి వచ్చేస్తుందట, లారీ అక్కర్లేదట. అన్నయ్య ఒళ్ళో ఆవకాయ జాడీ పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. పాపం వాడికి కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

దమన్‌జోడిలో దిగి జీపులో సెమిలిగుడ. ఇక్కడో మాట చెప్పాలి. మేం వెళ్ళింది సెమిలిగుడ అంటే చాలామంది అరకు రైలు దారిలో బోర్డు చూశామంటారు. అది వేరు. బొర్రా గుహలు దాటాక వచ్చే శిమిలిగుడ స్టేషన్ ఆంధ్రాది. సముద్రమట్టానికి 996 మీటర్లని బోర్డు మీద రాసి ఉంటుంది, బ్రాడ్‌గేజ్‌లో ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం పేరు. మా సెమిలిగుడ కొరాపుట్ జిల్లాలో, సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి వచ్చే హైవే మీద ఉన్న బజారు ఊరు.

ఆ హైవే వల్లే ఆ బజార్లో తెలుగు ధారాళంగా దొరుకుతుంది. సాలూరు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కిరసనాయిలు కోసం వెళ్ళిన షాపులో షావుకారు నాన్న ఒడియా వింటూనే, "మాస్టారూ, మీది ఏవూరండి?" అని తెలుగులో అడిగాడు. ఆయనది మక్కువ దగ్గర. మా అమ్మది అక్కడికి నాలుగు ఊళ్ళ అవతల. కిరసనాయిలు దొరకడం కష్టమన్నవాడు కాస్తా లోపల్నుంచి సీసా తెచ్చి ఇచ్చాడు, వెల్లుల్లి కొసరు కూడా వేశాడు. ఇంత మంచివాడు అమ్మ అన్నయ్యకి చెప్పులు బేరం చేస్తుంటే మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇల్లు ఊరి చివర ఉంది. ఎర్రమట్టి గోడలు, అడుగున నల్లటి పట్టీ, పైన నాటు పెంకులు. ముందు అరుగు, లోపల రెండు గదులు, వెనక చాపల దడితో వంటిల్లు. మాస్టారు ఒక చీటీ రాసిచ్చారు. తాగే నీళ్ళు పై చువా నుంచే తెచ్చుకోండి, కింద వాగు స్నానాలకి. వెనక గోడకి ఆనకండి, పెంకులు జారతాయి. చూరు కింద కట్టెలు వాడుకోండి, వాడినన్ని మళ్ళీ పెట్టండి. నాన్న దాన్ని గుమ్మం దగ్గర మేకుకి గుచ్చారు. చువా అంటే మన చెలమే. రాళ్ళు పేర్చిన చిన్న గుంట, అడుగునుంచి బుడగలు బుడగలుగా ఊరే నీళ్ళు. పొద్దున్నే చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి.

ఊళ్ళో ఎక్కువమంది పరజాలు, అక్కడి గిరిజనులు. వాళ్ళు మాట్లాడుకునేది ఒకటి, బయటివాళ్ళతో దేసియా. దేసియా కొరాపుట్ వైపు అందరికీ అర్థమయ్యే ఒడియా రకం. నాన్న పుస్తకాల ఒడియాకి అక్కడ పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వేవారు. అమ్మ రాయగడ సంతలో నేర్చుకున్న సగం ఒడియా, సగం తెలుగు మాత్రం మొదటిరోజే చెల్లింది.

మొదటి రాత్రి వంట నాకు ఇప్పటికీ గుర్తు. కరెంటు లేదు, లాంతరు వెలుగు. బత్తీల స్టవ్ మీద కుక్కర్ పెట్టింది అమ్మ. దడి సందుల్లోంచి గాలి, మంట ఒకవైపుకి వాలిపోయేది. విజిల్ రాదు. ఆకలేసి మేం ఆవకాయ నాకుతూ కూర్చున్నాం. నాన్నకి మంచి అవకాశం దొరికింది. "300 మీటర్లు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మనం తొమ్మిది వందలు దాటాం. ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. అందుకే పప్పు ఉడకదు. కుక్కర్ లోపల ఆవిరి పెరిగితే ఆ వేడి మళ్ళీ పైకి వెళ్తుంది."

"ఆవిరి పట్టడానికి ముందు మంట ఉండాలి కదండీ. ఆ దుప్పటి పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడండి" అంది అమ్మ.

సైన్స్ మాస్టారు దుప్పటి పట్టుకుని స్టవ్‌కి అడ్డంగా నిలబడ్డారు. పప్పు బద్దలు బద్దలుగానే తిన్నాం.

తెల్లారాక పక్కింటావిడ వచ్చింది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, ముక్కుకి రెండువైపులా పుడకలు. మేం మౌసీ అనేవాళ్ళం. స్టవ్ చూసి ఏదో అంది, మాకు అర్థం కాలేదు గానీ మెచ్చుకోలు కాదని తెలిసింది. కూర్చుని మూలనున్న మట్టిపొయ్యిలో బూడిద ఎత్తింది, వాగు పక్క నుంచి తడిమట్టి తెచ్చి పగుళ్ళు పూడ్చింది, ఎండు పుల్లలు ఎలా పేర్చాలో అమ్మకి చూపించింది. పది నిమిషాల్లో కణకణలాడే పొయ్యి. అమ్మకి కట్టెల పొయ్యి కొత్తేం కాదు, చిన్నప్పుడు ఊదినదే. గ్యాస్ వచ్చాక ఆ పని మళ్ళీ చెయ్యక్కర్లేదనుకుంది, అంతే. ఆ స్టవ్ మళ్ళీ వెలగలేదు. కొన్న కిరసనాయిలంతా లాంతరుకే సరిపోయింది.

ఆవిడే మర్నాడు ఒక ముంతలో మండియా పేజ్ తెచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి ఆగింది. "ఇది చోడంబలి కదే" అంది మాతో. మా వైపు రాగుల్ని చోళ్ళంటారు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ పొలానికి పోయేవాళ్ళకి పెద్ద కుండలో కాచేదట, పుల్లగా, పల్చగా. మరి ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఎందుకు కాయలేదంటే అమ్మ జవాబు చెప్పలేదు. నాకు తర్వాత తెలిసింది. మాస్టారి భార్య ఇంట్లో అంబలి కాస్తే వీధిలో ఏమనుకుంటారో అని. కూలివాళ్ళ తిండి అని పేరు పడింది దానికి. ఇప్పుడు ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి వాటిని మళ్ళీ పండించమంటోంది, డాక్టర్లు షుగర్ పేషెంట్లకి రాగి రాసిస్తున్నారు, విశాఖలో ప్యాకెట్ల మీద రాగి జావ అని అందంగా అచ్చేసి అమ్ముతున్నారు. అదే చోడంబలి ముంతలో ఉంటే నామోషీ, ప్యాకెట్‌లో ఉంటే ఆరోగ్యం. అక్కడ ఆ వారమంతా అమ్మ పొద్దున్నే అదే తాగింది. మాకు మాత్రం ఉప్మా చెయ్యాల్సి వచ్చేది.

పాలకి ఇబ్బంది పడ్డాం. ఊరి నిండా ఆవులున్నాయి, పాలు లేవు. అక్కడివాళ్ళు ఆవుల్ని పితకరు, దూడ తాగాల్సిన పాలు మనకెందుకన్నట్టు. తెచ్చిన పాలపొడితో అమ్మ ఇన్‌స్టంట్ కాఫీ కలుపుకుని అరుగు మీద కూర్చుని తాగేది. ఎదురుగా మిట్ట మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, పచ్చి కాయలతో. కొరాపుట్‌లో కాఫీని 1930లో జయపురం రాజు రామచంద్ర దేవ్ వేయించారని చెప్తారు. అంత చరిత్ర ఉన్న కాఫీ తోట ముందు కూర్చుని డబ్బా కాఫీ తాగుతున్నానని అమ్మే నవ్వుకునేది.

వలిసెల సంగతి చెప్పకపోతే ఈ రాత దండగ. పూజ సెలవులకి ఆ కొండలన్నీ వలిసె పూలతో పసుపు పరుచుకుని ఉంటాయి. ఇప్పుడు అరకులో వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి జనం డబ్బిచ్చి మరీ లోపలికి వెళ్తున్నారు. మాకు మాత్రం వలిసెలంటే నూనె గింజ, పిట్టల మేత. మౌసీ ఒకరోజు ఆ నల్ల గింజల్ని మట్టి పెంకు మీద వేయించింది. చిటపటలాడి ఒక రకమైన కమ్మటి వాసన. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు కలిపి రాతి మీద నూరింది, కొంచెం చింతపండు అమ్మ తనవైపు నుంచి చేర్చింది. వేడన్నంలో ఆ పచ్చడి కలిపి తిన్నాక అన్నయ్య ఆవకాయ జాడీ వైపు మళ్ళీ చూడలేదు. ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చిన జాడీ!

వంటిళ్ళ రాకపోకలు అలా మొదలయ్యాయి. అమ్మ కందకి ఆవ పెట్టి కూర చేసింది. మా వైపు ఆవ పెట్టిన కూర లేకుండా పండగ జరగదు. మౌసీ రుచి చూసి తల ఊపింది. ఒడియా వాళ్ళూ ఆవపిండి నూరి బేసరా చేస్తారు కాబట్టి ఆవిడకి కొత్తగా ఏం అనిపించలేదు. ఇంగువ మాత్రం సహించలేదు. పోపులో ఇంగువ పడగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ వచ్చే వేళకి అమ్మ పోపు ముందే పెట్టేసేది.

ఎర్ర చీమల పచ్చడి కూడా వచ్చింది ఒక పూట, ఆకులో పెట్టి. మేమెవరం ముట్టలేదు. అన్నయ్య తిన్నాడు. నిమ్మకాయ నమిలినట్టుందని చెప్పి, ఆ పరాక్రమాన్ని స్కూల్లో సంవత్సరం పొడుగునా వాడుకున్నాడు.

కుందులి సంతకి వెళ్ళినరోజు నాకు ఇష్టమైన రోజు. ట్రక్కు వెనక నిలబడి వెళ్ళాం. అల్లం కుప్పలు, పసుపు, ముల్లంగి, గుమ్మడికాయలు, సీతాఫలాలు, ఎండు చేపలు, తట్టల్లో కోళ్ళు, ఒక పక్క ఆకు దొప్పల్లో జీలుగు కల్లు. జీలుగుని అక్కడ సలప అంటారు. చెట్టు మీద వాటాలు అన్నదమ్ములకి పంచుకుంటారట, పొలం పంచుకున్నట్టే. గింజలు తూకం వెయ్యరు, కొలుస్తారు. మానిక, అడ్డ అని వినిపిస్తుంటే అమ్మ మొహం విప్పారింది. పార్వతీపురంలో వాళ్ళ తాతగారి గాదె దగ్గర విన్న కొలతలు. కిలోల లెక్కకి అలవాటుపడ్డ నాన్న వెనక నిలబడి మానికకి ఎన్ని గ్రాములో లెక్క కడుతుంటే, అమ్మ గింజలు కొనేసి, కొసరు పోయించుకుని, మూట కట్టేసింది.

అక్కడే కాలాజీర బియ్యం కొన్నాం. పేరుకి తగ్గట్టు జీలకర్రలా నల్లటి పొట్టుతో సన్నటి వడ్లు, దంచితే తెల్లటి బియ్యం. ఆ రాత్రి వండితే వాసన దడి దాటి పక్కింటికి వెళ్ళింది. ఇలాంటి పాత వడ్లు ఎన్నో రకాలు ఆ జిల్లా ఆడవాళ్ళు కుండల్లో, సొరబుర్రల్లో దాచి తరాలు దాటించారు. జయపురం దగ్గర పాత్రపుట్ అనే ఊరి కమలా పూజారి, ఆవిడా పరజానే, ఆ పనికే 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో పోయారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వాల్లో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2012లోనే గుర్తించింది. పేపర్లో అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది పెద్ద విషయాలేం కాదు, మా ఇంటి వెనక ఝోలా పొలాలు. కొండ వాలులో దిగే వాగునే మడులు మడులుగా కట్టి వరి వేస్తారు. పై మడి నిండి కింది మడికి, అక్కణ్ణుంచి ఇంకో మడికి. మోటారు లేదు, కాలువ లేదు. అప్పటికి వెన్ను వంగి పసుపు తిరుగుతోంది. ఆ మడుల్లో వేలెడంత చేపలు పట్టేవాళ్ళు పిల్లలు. మేం పట్టబోతే ఒక్కటీ దొరకలేదు.

దసరా రోజు ఊళ్ళో పెద్ద హడావిడేం లేదు. ఆ ప్రాంతపు ఊళ్ళ నుంచి గ్రామదేవతల లాఠీలు, అంటే దేవతకి గుర్తుగా మోసే కర్రలు, జయపురం దసరాకి వెళ్తాయి, మా ఊరి మగవాళ్ళు కొందరు దానికోసం ముందే వెళ్ళిపోయారు. అమ్మ పటం లేక గోడకి పసుపు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది, వెళ్ళాక మా రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకి మొక్కు తీరుస్తానని.

అంత దూరం వచ్చాక దేవమాలి ఎక్కాలని మా ఆశ. ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. రోజూ అనుకోవడమే. నీళ్ళు తేవడం, కట్టెలు, ఉప్మా, అంట్లు బూడిదతో తోమడం అయ్యేసరికి ఎండ నెత్తిమీదకొచ్చేది, మళ్ళీ మధ్యాహ్నం వంట. వండుకు తినే సెలవుల్లో పగలు ఎంత పొట్టిదో అక్కడ తెలిసింది. తీరా ఎక్కిన రోజున పైన మబ్బు దిగిపోయింది. చెట్లు లేని గడ్డి కొండ, చెవులు గిర్రున తిరిగే గాలి, పదడుగుల అవతల ఏమీ కనిపించదు. అన్నయ్య విశాఖ సముద్రం కనిపించిందన్నాడు. దిగొచ్చాం. ఇప్పుడు పైదాకా కారు వెళ్ళే రోడ్డు ఉంది, చలికాలంలో టెంట్లు వేస్తారు, టెంటు దగ్గరికే టిఫిను వస్తుందట.

ఇక నాన్న వంట. మధ్యలో ఒకరోజు అమ్మ పొద్దున్నే చాప తీసుకెళ్ళి అరుగు మీద వేసుకుని, "ఇవాళ నేను లేవను" అంది. కోపం లేదు గొంతులో. నాన్న కాసేపు చూసి వంటింట్లోకి వెళ్ళారు. ప్రాక్టికల్ క్లాసులాగే మొదలుపెట్టారు. బియ్యం కొలిచి, నీళ్ళు కొలిచి, బొగ్గుముక్కతో గోడమీద టైము రాశారు. పొయ్యి ఊదడం రాక కళ్ళజోడు నిండా బూడిద. నేనూ చెల్లీ ఉల్లిపాయలు తరిగాం. అమ్మ అరుగు మీద నుంచి కదల్లేదు, ఉప్పు ఎక్కడుందని అడిగినా పలకలేదు. మౌసీ వచ్చి వంటింట్లో మగమనిషిని చూసి వెనక్కి తిరిగి వెళ్ళి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది చూపించడానికి. ముగ్గురూ గుమ్మంలో నిలబడి నవ్వారు. పులగం అయింది. అడుగంటింది, కానీ తినగలిగాం. అమ్మ అరుగు మీదే తింది, ఇంకొంచెం పెట్టమంది కూడా.

చాలా ఏళ్ళ తర్వాత, నా పెళ్ళయ్యాక, ఒకసారి అమ్మతో అన్నాను, "ఆ సెలవుల్లో నువ్వొక్కదానివే కష్టపడ్డావమ్మా" అని. అమ్మ విచిత్రంగా చూసింది. "కష్టమేటి? రాయగడలో కష్టం" అంది. మాకెవరికీ తట్టని మాట. మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. ఆసుపత్రికొచ్చినవాళ్ళు, బండి తప్పినవాళ్ళు, కాగితం పనిమీద ఆఫీసుకొచ్చినవాళ్ళు, పిల్లాడి పరీక్షకని తోడొచ్చినవాళ్ళు. దిగువ నుంచి ఎవరొచ్చినా మొదటి మజిలీ మా గడపే. ఎంతమందికి ఎసరు పెట్టాలో పొద్దున్న తెలిసేది కాదు, రాత్రి పది దాటాక కూడా తలుపు తట్టేవారు. "అక్కడ ఐదుగురికి వండితే ఐదుగురే తిన్నారు. వచ్చేది మౌసీ ఒక్కతే, ఆవిడ ఏదో ఒకటి చేత్తో పట్టుకునే వచ్చేది. మధ్యాన్నం పూట ఆ అరుగుమీద నిద్ర పట్టేది నాకు. పెళ్ళయ్యాక పగలు పడుకున్నది అక్కడే." సొరంగాలూ, పూలూ, సంతా మేం తలుచుకుంటూ ఉంటే, అదే ఇంట్లో అమ్మ ఇంకో సెలవు గడిపింది, మాకు తెలియకుండా.

వచ్చేటప్పుడు చీటీలో రాసినట్టే నాన్నా అన్నయ్యా కట్టెలు చూరు కిందకి పేర్చారు. మౌసీ వలిసెల మూట ఇచ్చింది. ఇంగువ డబ్బా అమ్మ ఇస్తానంటే రెండు చేతులూ అడ్డం ఊపింది. చీర పెట్టింది అమ్మ.

తర్వాత మేం అటు వెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఆ కొండల్లో గొడవలు పెరిగాయి, పెద్దవాళ్ళు పంపలేదు, ఆపైన చదువులు, ఉద్యోగాలు. అన్నయ్య ఈమధ్య ఆ దారిన వెళ్తూ ఆగి చూశాడట. ఇంటికి స్లాబు పడింది, మాస్టారి అన్నగారబ్బాయి రిటైరైన తండ్రిని తీసుకొచ్చి అక్కడే ఉంటున్నాడు. మౌసీ లేదు. ఆవిడ మనవడు సెమిలిగుడలో మొబైల్ షాపు పెట్టాడట, అన్నయ్యకి ఛార్జర్ డబ్బులు పుచ్చుకోలేదట.

అమ్మా నాన్నా ఇప్పుడు విశాఖలో అన్నయ్య దగ్గర ఉంటున్నారు. వలిసెలు ఇప్పటికీ ఎవరో ఒకరు సాలూరు బస్సులో పంపిస్తారు. మిక్సీలో వేస్తే చేదెక్కుతుందని అమ్మ, పల్స్ కొడితే ఏం కాదని చెల్లి. గొడవ తేలేలోపు నాన్న మొదలుపెడతారు, దేవమాలి కింద ఉన్నప్పుడు వారమంతా వండింది తనేనని. అమ్మ లెక్కలో ఆయన వండింది ఒక్క పూట, అదీ అడుగంటింది.